మూసారాంబాగ్ వంతెన: పాతది పోవాల్సిందే, కానీ లెక్క అక్కడితో అయిపోదు

జంట జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో వార్త వచ్చిందంటే చాలు, మూసారాంబాగ్, అంబర్‌పేట జనానికి ముందుగా గుర్తొచ్చేది వంతెనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నుంచి వదిలిన నీళ్లు కొన్ని గంటల్లో ఇక్కడికి చేరతాయి. పోలీసులు రెండు వైపులా బారికేడ్లు పెడతారు. అంబర్‌పేట వెళ్లాల్సినవాళ్లు గోల్నాక వైపు తిరుగుతారు. చూస్తుండగానే అక్కడ ట్రాఫిక్ ఆగిపోతుంది. 2020 అక్టోబర్ వరదల్లో ఇదే జరిగింది. ఆ తర్వాత కూడా దాదాపు ప్రతి వానాకాలంలో ఇదే తంతు. 2025 సెప్టెంబర్ చివరి వారంలో మూసీ మళ్లీ పొంగినప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లు వచ్చాయి. చాదర్‌ఘాట్ లోలెవల్ వంతెన, మూసారాంబాగ్ వంతెన రెండింటినీ మూసేయాల్సి వచ్చింది.

ఈ పాత లోలెవల్ వంతెన స్థానంలో హైలెవల్ వంతెన కట్టేందుకు 2023 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. రెండేళ్ల తర్వాత వచ్చిన వరద నాటికి కూడా జనం కష్టం తీరలేదు. కొత్త వంతెన కావాలా, వద్దా అన్న చర్చ ఎవరికీ లేదు. కావాలి, అదీ త్వరగా కావాలి. అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక పాత వంతెన తీసి కొత్తది కట్టినప్పుడు ఎవరికి ఏం వస్తుంది, ఎవరు ఏం పోగొట్టుకుంటారు? ఆ లెక్క సరిగా రాస్తున్నారా? మూసీ మీద ఈ ప్రశ్న ఇవాళ మూసారాంబాగ్‌లో వచ్చింది, రేపు ఇంకో వంతెన దగ్గర వస్తుంది. రెండు ఒడ్డుల బస్తీల్లో ఉన్నవాళ్లలో మన కుటుంబాలు ఎక్కువ. కాబట్టి ఈ లెక్క మనకు తెలిసి ఉండాలి.

పాత వంతెనలన్నీ ఒకటి కాదు

హైదరాబాద్ నగరం పుట్టకముందే మూసీ మీద వంతెన పుట్టింది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో పురానా పుల్ కట్టారు. గోల్కొండ, కార్వాన్ వైపు నుంచి నది దాటి దక్షిణ ఒడ్డుకు రావడానికి అదే దారి. ఆ తర్వాత 13 ఏళ్లకు, 1591లో ముహమ్మద్ కులీ చార్మినార్ చుట్టూ నగరానికి పునాది వేశాడు. యువరాజు ప్రేమ కోసం వంతెన కట్టారన్న కథ అందరికీ తెలుసు. చరిత్రకారులు దాన్ని పెద్దగా ఒప్పుకోరు. వజ్రాల వ్యాపారానికి పేరున్న కార్వాన్ బాట అది, వంతెన అవసరం వ్యాపారానికే ఉంది అన్నది వాళ్ల వాదన.

మిగతా పాత వంతెనలన్నీ అసఫ్ జాహీల కాలంలో వచ్చాయి. చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది. అఫ్జల్ ఉద్దౌలా పాలనలో అఫ్జల్‌గంజ్ దగ్గర కట్టినదాన్ని జనం నయా పుల్ అన్నారు. 160 ఏళ్లు దాటినా దాని పేరు ఇంకా ‘నయా’ పుల్లే. 19వ శతాబ్దం చివర్లో ముస్లిం జంగ్ పుల్ వచ్చింది.

వీటికీ మూసారాంబాగ్ లోలెవల్ వంతెనకూ పెద్ద తేడా ఉంది. పురానా పుల్ నది అడుగు నుంచి చాలా ఎత్తులో, రాతి కమానుల మీద నిలబడి ఉంది. లోలెవల్ వంతెన అలా కాదు. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో దాటడానికి, తక్కువ ఖర్చుతో, నది మట్టానికి దగ్గరగా కట్టే వంతెన అది. వరద వస్తే నీళ్లు పై నుంచి పోతాయని తెలిసే కడతారు. ఏడాదిలో ఒకటి రెండు రోజులు మూతపడితే ఫర్వాలేదు అన్న లెక్క అందులోనే ఉంటుంది. పల్లె దారిలో ఆ లెక్క సరిపోతుంది. రెండు పక్కలా లక్షల జనాభా ఉన్న నగరం మధ్యలో సరిపోదు.

అందుకే ‘పాతది కాబట్టి ఉంచాలి’ అన్నా తప్పే, ‘పాతది కాబట్టి తీసేయాలి’ అన్నా తప్పే. చూడాల్సింది వంతెన వయసు ఒక్కటే కాదు. అది నీళ్లకు ఏం చేస్తోంది, మనుషులకు ఏం చేస్తోంది అని చూడాలి.

వంతెన నీళ్లను ఎలా ఆపుతుంది

వంతెన మునిగితే రోడ్డు బంద్ అవుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. లోలెవల్ వంతెన కింద నీళ్లు పోయే ఖాళీ తక్కువ. వరదతో పాటు గుర్రపు డెక్క, చెట్ల కొమ్మలు, ప్లాస్టిక్ చెత్త, పాత పరుపులు అన్నీ కొట్టుకొచ్చి ఆ ఖాళీలకు అడ్డం పడతాయి. అప్పుడు వంతెన చిన్న ఆనకట్టలా మారుతుంది. కిందికి పోవాల్సిన నీళ్లు వెనక్కి తన్ని ఒడ్డున ఉన్న గల్లీల్లోకి ఎక్కుతాయి. అంటే వంతెన దాటని మనిషి కూడా, ఆ వంతెన వల్ల తన ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఎత్తిపోసుకోవాల్సి రావచ్చు.

ఈ పాఠం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన తుఫాన్ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. నయా పుల్, ముస్లిం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని తెగిపోయాయి. రెండు ఒడ్డులకు మధ్య మిగిలింది పురానా పుల్ ఒక్కటే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. తెగిన వంతెనలు మళ్లీ కట్టి ఊరుకోలేదు. వరదను నగరానికి పైనే ఆపాలన్న ఆలోచనతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి చేశారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటు చేసి, నది ఒడ్డును సరిచేసే పని మొదలుపెట్టారు. వంతెన, నది, ఒడ్డు, పైనున్న చెరువు, ఈ నాలుగూ కలిపి చూస్తేనే పని అవుతుందని వందేళ్ల కిందటే తెలుసుకున్న నగరం ఇది. ఇవాళ వంతెనను ఒక కాంట్రాక్టులా, నదిని ఇంకో ప్రాజెక్టులా, బస్తీని ఇంకో ఫైలులా చూస్తే వెనక్కి పోయినట్టే.

కాబట్టి మూసారాంబాగ్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: కొత్త వంతెన తెరిచాక పాతదాన్ని నది అడుగు వరకు పూర్తిగా తీసేస్తారా? పైభాగం పగలగొట్టి, కింది దిమ్మెలు, శిథిలాలు అక్కడే వదిలేస్తే నీళ్లకు అడ్డు అలాగే ఉంటుంది. పైగా కొత్త స్తంభాలు కూడా చేరతాయి. రోడ్డు మునగదు, ఇళ్లు మాత్రం మునుగుతాయి. కారులో వెళ్లేవాడికి సమస్య తీరినట్టు కనిపిస్తుంది, గల్లీలో ఉన్నవాడికి తీరదు. కూల్చివేత కూడా నిర్మాణంలో భాగమే. దానికి వేరే గడువు, వేరే లెక్క ఉండాలి. శిథిలాలు ఎక్కడికి తరలించారో కూడా రికార్డులో ఉండాలి.

మూతపడిన రోజు ఖర్చు ఎవరిది

ప్రభుత్వ లెక్కల్లో వంతెన ఖర్చు కోట్లలో ఉంటుంది. వంతెన లేని రోజు ఖర్చు ఏ లెక్కలోనూ ఉండదు. అది జనం జేబుల్లోంచి పోతుంది.

ఒక చిన్న ఉదాహరణ వేసుకుందాం. మలక్‌పేట, అంబర్‌పేట మధ్య తిరిగే ఆటో అన్న రోజుకు పది ట్రిప్పులు కొడతాడు అనుకుందాం. చుట్టూ తిరిగి పోవడం వల్ల ట్రిప్పుకు మూడు కిలోమీటర్లు పెరిగితే రోజుకు 30 కిలోమీటర్లు. కిలోమీటరుకు మూడు రూపాయల ఇంధనం అనుకున్నా 90 రూపాయలు. జామ్‌లో ఇరుక్కుని రెండు ట్రిప్పులు పోతే, ట్రిప్పుకు వంద చొప్పున ఇంకో 200. మొత్తం రోజుకు 290 రూపాయలు. పది రోజులు మూతపడితే 2,900. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి అది నెల కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్, పిల్లల వ్యాన్ ఫీజు.

ఇందులో మలక్‌పేట గంజ్‌కు పనికి వెళ్లే హమాలీ, సెకండ్ షో అయ్యాక ఇంటికి నడిచి వచ్చే హోటల్ వర్కర్, ఏరియా ఆసుపత్రికి వెళ్లాల్సిన గర్భిణి లేరు. కాలేజీకి వెళ్లే అమ్మాయి ఉంటే, దారి మారిందంటే అమ్మీ అబ్బా ‘ఇవాళ వద్దులే బేటా’ అంటారు. ఆ ఆబ్సెంట్‌కు రూపాయల్లో లెక్క కట్టలేం.

అందుకే పాత వంతెన తీసే పని, కొత్త వంతెన తెరిచే పని మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. అలా ఉండక తప్పకపోతే నడిచే వాళ్లకు, సైకిళ్లకు, అంబులెన్సుకు ఏ దారి ఇస్తున్నారో ముందే ప్రకటించాలి. సిటీ బస్సులు ఏ దారిలో తిరుగుతాయో స్టాపుల్లో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. మెసేజ్ ఫోన్‌లో వచ్చేలోపు సగం మంది బారికేడ్ దగ్గరికి వచ్చేసి ఉంటారు.

ఎత్తు పెరిగితే పొడవు పెరుగుతుంది

రెండో పెద్ద ప్రశ్న వంతెన మీద కాదు, వంతెన చివర్లలో ఉంది. వంతెన ఎత్తు పెంచితే దాని పైకి ఎక్కే రోడ్డు కూడా పెరగాలి. వాహనం నిటారుగా ఎక్కలేదు, కాబట్టి అప్రోచ్ రోడ్డు రెండు పక్కలా దూరంగా మొదలవ్వాలి. ఆ రోడ్డు పక్కన ఉన్న దుకాణం ముందు గోడ వస్తుంది. కొన్ని చోట్ల ఇల్లే పోతుంది. కొన్ని చోట్ల ఇల్లు మిగిలి, గుమ్మం రోడ్డు కిందికి వెళ్తుంది. వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ ఆ గుమ్మంలోకే వస్తాయి.

2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని గుర్తులు పెట్టినప్పుడు చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఎంత భయం పుట్టిందో ఎవరూ మరచిపోలేదు. నదిలో కట్టుకున్న ఇళ్లు కాబట్టి తీయాల్సిందే అని ప్రభుత్వం అంది. కొన్ని కుటుంబాలను మలక్‌పేట లాంటి చోట్ల డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలించింది. మూసీ ప్రక్షాళన ఒక పని, వంతెన ఇంకో పని. కానీ గోడ మీద గుర్తు చూసినవాడికి రెండూ ఒకటే. తన ఇల్లు ఏ లిస్టులో ఉందో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఇక్కడ చట్టం ఏమంటోందో తెలుసుకోవడం అవసరం. పాతబస్తీ, దాని చుట్టుపక్కల చాలా ఇళ్లు నోటరీ కాగితం మీదే చేతులు మారాయి. ‘రిజిస్ట్రీ లేదు కదా, మనకేం రాదు’ అని చాలామంది ముందే వెనక్కి తగ్గుతారు. 2013 భూసేకరణ చట్టం మాత్రం భూమి యజమానులతోనే ఆగిపోదు. సేకరణకు ముందు మూడేళ్లు లేదా అంతకంటే ఎక్కువగా నగర ప్రాంతంలో ఆ భూమి మీద నివసిస్తున్న కుటుంబాన్ని, మూడేళ్లుగా అక్కడి సంపాదన మీదే ప్రధానంగా బతుకుతూ సేకరణ వల్ల జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబాన్ని కూడా ‘ప్రభావిత కుటుంబం’ కిందే లెక్కిస్తుంది. నగరంలో ఇల్లు పోయినవాళ్లకు కనీసం 50 చదరపు మీటర్ల ఇల్లు ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూల్ చెబుతోంది. అంటే సుమారు 540 చదరపు అడుగులు.

అయితే ఇక్కడే మెలిక ఉంది. ఇది భూసేకరణ జరిగినప్పుడు వర్తించే హక్కు. ‘ఇది ప్రభుత్వ భూమి, నది భూమి, ఆక్రమణ’ అని అధికారులు అంటే కథ మారిపోతుంది. అప్పుడు వచ్చేది హక్కుగా రాదు, దయగా వస్తుంది. అందుకే వంతెన అప్రోచ్ కోసం తీసుకునే ప్రతి గజం సేకరణ కిందికి వస్తుందా, ఆక్రమణ తొలగింపు కిందికి వస్తుందా అన్నది రాతపూర్వకంగా అడగాలి. మూడేళ్ల నివాసం చూపించే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, పిల్లల స్కూల్ రికార్డు, రేషన్ కార్డు, గ్యాస్ బుక్, ఏది ఉంటే అది. దుకాణమైతే ట్రేడ్ లైసెన్స్, కిరాయి రసీదులు. కిరాయిదారు ‘నాకెందుకు, అది మాలిక్ సంగతి’ అనుకుంటే నష్టపోయేది కిరాయిదారే.

నది ఒడ్డున మసీదులు, దర్గాలు, ఖబ్రస్తాన్‌లు కూడా చాలా ఉన్నాయి. వక్ఫ్ ఆస్తిని ప్రజా అవసరం కోసం సేకరించేటప్పుడు వక్ఫ్ బోర్డుకు తెలియజేయాలని వక్ఫ్ చట్టంలోని 91వ సెక్షన్ చెబుతోంది. ముతవల్లీలు, కమిటీలు మ్యాప్ వచ్చేదాకా ఆగకుండా హద్దుల కాగితాలు, రిజిస్ట్రేషన్ వివరాలు ఇప్పుడే సరిచూసుకోవాలి. జేసీబీ వచ్చాక పాత గెజిట్ వెతుక్కుంటే ఉపయోగం తక్కువ.

కూల్చిన చోట, ఉంచిన చోట

దేశంలో ఇలాంటి నిర్ణయాలు రెండు రకాలుగానూ జరిగాయి. లక్నోలో గోమతి నది మీద నవాబు ఆసఫుద్దౌలా కాలం నాటి రాతి వంతెన ఉండేది. బలహీనపడిందని బ్రిటిష్ పాలకులు 1911లో దాన్ని కూల్చారు. 1914లో కొత్త వంతెన తెరిచారు. ఇవాళ ఆ కొత్త వంతెనే లక్నో గుర్తుల్లో ఒకటి. నవాబు వంతెనను చూడాలంటే పాత ఫొటోలు తప్ప దారి లేదు.

అహ్మదాబాద్ ఇంకో దారి తీసుకుంది. సబర్మతి మీద 1892లో కట్టిన ఎల్లిస్ బ్రిడ్జి వాహనాల బరువుకు సరిపోదని తేలాక, 1990లలో దానికి రెండు పక్కలా కొత్త వంతెనలు కట్టి పాతదాన్ని మధ్యలో ఉంచారు. మన పురానా పుల్ కూడా ఇదే పద్ధతిలో మిగిలింది. పక్కనే కొత్త వంతెన వచ్చి వాహనాల బరువు తీసుకుంది. పాత పుల్ మీద కూరగాయల దుకాణాలు వెలిశాయి. వంతెన బతికింది, కానీ బాగా బతికిందని చెప్పలేం. రాళ్ల మధ్య మొక్కలు మొలవడం, చెత్త పేరుకోవడం చూస్తూనే ఉన్నాం. ఉంచడం ఒక పని, చూసుకోవడం ఇంకో పని.

వారసత్వ కట్టడాల విషయంలో కోర్టు తలుపు కూడా మూసి లేదు. ఎర్రమంజిల్ భవనం కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. మంత్రివర్గం నిర్ణయమైనా పద్ధతి పాటించాలని ఆ తీర్పు గుర్తు చేసింది. రేపు మూసీ అభివృద్ధి పేరుతో నయా పుల్ మీదనో, ముస్లిం జంగ్ పుల్ మీదనో ప్రతిపాదన వస్తే ఈ అనుభవం పనికొస్తుంది. అప్పుడు మాట్లాడటానికి ఇవాళ ఒక విషయం ఒప్పుకోవాలి. మూసారాంబాగ్ లోలెవల్ వంతెనను కూడా ‘చరిత్ర’ అని పట్టుకుని కూర్చుంటే, నిజంగా చరిత్ర ఉన్న వంతెనల గురించి అడిగే మాటకు విలువ తగ్గుతుంది.

బస్తీ కమిటీలు అడగాల్సినవి

వంతెన ఏ పార్టీ హయాంలో మొదలైంది, ఏ పార్టీ రిబ్బన్ కట్ చేస్తుంది అన్నది నాయకుల గొడవ. రెండు ఒడ్డుల్లో ఉన్నవాళ్లకు కావాల్సిన జవాబులు నాలుగే.

ఒకటి, పాత వంతెనను నది అడుగు దాకా ఎప్పటిలోగా తొలగిస్తారు? రెండు, కొత్త వంతెన కింద ఎంత వరద పోయేలా డిజైన్ చేశారు, 1908 స్థాయిని కాకపోయినా 2020, 2025 వరదలను లెక్కలోకి తీసుకున్నారా? మూడు, అప్రోచ్ రోడ్డు కోసం ఏ సర్వే నంబర్లలో ఎంత భూమి తీసుకుంటున్నారు, అందులో ఉన్న యజమానులు, కిరాయిదారులు, చిన్న వ్యాపారుల జాబితా ఎక్కడ ఉంది? నాలుగు, వంతెన మీద నడిచేవాళ్లకు వేరే ఫుట్‌పాత్, దిగడానికి మెట్లు, రాత్రి దీపాలు ఉన్నాయా?

ఈ నాలుగింటినీ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరు వేసే దరఖాస్తు కంటే మసీదు కమిటీ, బస్తీ సంఘం, వ్యాపారుల సంఘం తరఫున పది మంది వేస్తే ఆఫీసులో కదలిక వస్తుంది. ఇది ముస్లింల విషయం మాత్రమే కాదు. అంబర్‌పేట వైపు, మూసారాంబాగ్ వైపు అన్ని మతాల ఇళ్లలోకీ అవే నీళ్లు వస్తాయి. పక్కింటి వాళ్లతో కలిసి అడిగితేనే మాట బరువుగా ఉంటుంది.

1908లో తెగిపోయిన నయా పుల్‌ను మళ్లీ కట్టారు, నగరం మళ్లీ నడిచింది. కానీ ఆ తర్వాత అసలు కాపాడింది వంతెన కాదు, పైన కట్టిన రెండు చెరువులు. మూసారాంబాగ్‌లో కూడా కొత్త వంతెన ఒక్కటే సరిపోదు. గేట్లు ఎత్తే సమయం ముందే చెప్పే వ్యవస్థ, నదిలో చెత్త తీసే పని, ఒడ్డున ఉన్నవాళ్లకు చట్టప్రకారం ఇల్లు, ఇవన్నీ దాంతో పాటు రావాలి. వచ్చే వానాకాలంలో గేట్లు ఎత్తారన్న వార్త వినగానే అంబర్‌పేట ఆటో అన్న దారి మార్చుకోకుండా వెళ్లగలగాలి. మూసానగర్‌లో అమ్మీ పిల్లల పుస్తకాలు అటక మీదికి ఎక్కించకుండా పడుకోగలగాలి. ఈ రెండూ జరిగితేనే వంతెన పని పూర్తయినట్టు.